పోలవరం రేవులో వల బరువులు

గోదావరి జిల్లాల ఆడపడుచులకు పోలవరం పేరు చెబితే రెండే గుర్తుకొస్తాయి. ఒకటి పాపికొండల లాంచీ ప్రయాణం, రెండోది ప్రాజెక్టు. పట్టిసీమ తీర్థానికి వెళ్ళినవాళ్ళు కూడా స్వామి దర్శనం చేసుకుని, కొండలు చూసి, చీకటి పడేలోగా ఇల్లు చేరుకుంటారు. అయితే అక్కడ చూడాల్సింది మూడోది ఒకటుంది. చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళ అరుగుల మీద కూర్చుని ఆడవాళ్ళు వలలకు బరువులు కట్టే పని. దూరంనుంచి చూస్తే మాల కడుతున్నారేమో అనిపిస్తుంది. కాని ఆ ఇంట్లో రేపు చేపల పులుసు కాగుతుందా, పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటారా అన్నది చాలావరకు ఆ అరుగు మీదే తేలిపోతుంది. ఈసారి అటు వెళ్ళినప్పుడు మీరూ ఒక పావుగంట అక్కడ ఆగాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఎలా వెళ్ళాలంటే

రాజమండ్రి నుంచి బయల్దేరితే 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెన దాటి కొవ్వూరు చేరాలి. అక్కడినుంచి తాళ్ళపూడి, గూటాల మీదుగా గోదారిని కుడిచేతి వైపు ఉంచుకుని పోతూ ఉండడమే. దారిపొడుగునా పొగాకు చేలు, అరటి తోటలు, చెరకు. పట్టిసీమ దగ్గర ఏటి మధ్యన కొండమీద వీరభద్రస్వామి గుడి కనిపిస్తుంది. శివరాత్రికి అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. ఇంకొంచెం ముందుకు వెళితే పోలవరం. ఒకప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండే ఈ ఊరు 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది.

అక్కడ నిలబడి చూస్తే గోదారి స్వభావం ఇట్టే తెలుస్తుంది. ఎగువన పాపికొండల మధ్య నది ఇరుగ్గా, లోతుగా, సుడులు తిరుగుతూ వస్తుంది. కొండలు దాటగానే పుట్టింటికొచ్చిన పిల్లలా ఒళ్ళు విరుచుకుని వెడల్పవుతుంది. ఇసక తిన్నెలు, పాయలు, మడుగులు అన్నీ ఇక్కడినుంచే మొదలు. లాంచీ ఎక్కదలుచుకున్నవాళ్ళు పిల్లలకూ మీకూ లైఫ్ జాకెట్లు తొడిగాకే కదలనివ్వండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో లాంచీ మునిగి ఎన్ని సంసారాలు చీకటయ్యాయో ఈ ప్రాంతం ఇంకా మర్చిపోలేదు.

చేప నోరు చూస్తే తెలుస్తుంది

బరువుల సంగతిలోకి వెళ్ళేముందు చేపల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మనం బజార్లో చేపను కొనేటప్పుడు మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూస్తాం, కన్ను చూస్తాం, వేలితో నొక్కి చూస్తాం. నోరు మాత్రం చూడం. చూస్తే అది నదిలో ఏ అంతస్తులో కాపురం ఉంటుందో తెలిసిపోతుంది.

బొచ్చె నోరు పెద్దది, పైకి తిరిగి ఉంటుంది. అది నీటి పైభాగంలో తేలే సన్నటి నలుసులు తింటుంది. శీలావతి నోరు చిన్నది, కాస్త కిందికి ఉంటుంది, పెదవులకు కుచ్చులంచు కుట్టినట్టు ఉంటుంది. అది ఎక్కువగా మధ్య నీటిలో మేస్తుంది. ఎర్రమోసు నోరు వెడల్పుగా కిందికి తిరిగి ఉంటుంది. దాని తిండి అడుగు బురదలో. జెల్లలు కూడా అడుగునే తిరుగుతాయి. అంటే ఒక్క గోదారిలోనే మూడంతస్తుల మేడ ఉందన్నమాట. ఏ అంతస్తులో వాళ్ళకు కావాలంటే ఆ అంతస్తుకు భోజనం పంపించాలి, లేకపోతే ఆ అంతస్తుదాకా వలను దింపాలి. కాని నీరు ఊరుకుంటుందా? తోసుకుపోతుంది. దాన్ని తట్టుకుని దిగాలంటే బరువు కావాలి. మొత్తం విద్య అంతా ఈ ఒక్కదానిలోనే ఉంది.

గాలం వేసేవాళ్ళు చేసేదీ ఇదే. పైన బెండు, కింద కొక్కెం, కొక్కేనికి జానెడు పైన చిన్న సీసం ముక్క. ఎర వానపాము కావచ్చు, మన వంటింటి సరుకే అయిన తవుడు, తెలగపిండి కలిపి కట్టిన ముద్ద కావచ్చు. నూనెగింజల పిండి వాసనకు శీలావతి, మోసు దగ్గరికొస్తాయి. సీసం చాలకపోతే ఎర నీటివాలుకు పైపైన కొట్టుకుపోతుంది. ఎక్కువైతే ఇసకలో కూరుకుపోతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న తూకమే చేపను తెస్తుంది.

అరుగు మీద పని

మా తోటికోడలి పుట్టిల్లు గూటాల. కిందటి కార్తీకంలో ఆవిడతో కలిసి పోలవరం వెళ్ళినప్పుడు రేవు దగ్గర ఒక ఇంటిముందు ఆగాం. డెబ్భై దాటిన మామ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని విసురు వలకు గుళ్ళు కడుతోంది. పక్కన కోడలు సీసపు రేకును సన్నగా కత్తిరించి ఇస్తోంది. విసురు వల మీరు చూసే ఉంటారు. భుజాన వేసుకుని, నడుం తిప్పి విసిరితే గాలిలో గుండ్రంగా గొడుగులా విచ్చుకుని నీటిమీద పడుతుంది. అంచు చుట్టూ కట్టిన గుళ్ళ వల్ల అంచు ముందు మునుగుతుంది. తాడు లాగితే గుళ్ళన్నీ ఒకచోటికి వచ్చి మూతి మూసుకుంటుంది.

"ఎన్ని గుళ్ళు కడతావు మామ్మా?" అని అడిగాను.

"లెక్కతో పనేటమ్మా? నాలుగేళ్ళ ఎడం ఒకటి. సుట్టూ తిరిగొచ్చేదాకా కట్టడమే."

"ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే?"

"పెద్దగుండున్న వైపు ముందర మునుగుద్ది. రెండోవైపు తేలుద్ది. సేప ఊరుకుంటదా? సందు దొరికితే సాలు, ఎల్లిపోద్ది" అంటూ రెండు గుళ్ళను రెండు అరచేతుల్లో పెట్టుకుని పైకీ కిందకీ ఆడించి చూసింది. కంసాలి తక్కెడ అక్కర్లేదు ఆ చేతులకు.

వరదల్లో వేసే వల వేరట, మాఘ ఫాల్గుణాల్లో వేసే వల వేరట. ఎర్రనీరు జోరుగా వచ్చేటప్పుడు గట్టువార వేసే వలకు గుళ్ళు బరువైనవి కావాలి. నీరు తేటపడి నెమ్మదించాక అదే వల వేస్తే దభీమని చప్పుడై చేపలు చెదిరిపోతాయి. అప్పుడు చిన్నగుళ్ళు. దారం లావైనా చిక్కే, నీరు దాన్ని ఎక్కువ తోస్తుంది. సన్నదారమైతే తక్కువ బరువుకే దిగుతుంది. వెనకటికి నూలు, జనపనార వలలుండేవి. అవి కుళ్ళిపోకుండా చెట్ల బెరడు కషాయంలో నానబెట్టేవారు. నైలాను వచ్చాక ఆ బాధ తప్పింది. బెండ్ల స్థానంలో కూడా ఒకప్పుడు జీలుగు బెండు ఉండేది, ఇప్పుడు ప్లాస్టిక్కు.

"మీ అబ్బాయి బాగా విసురుతాడటగా" అంది మా తోటికోడలు.

మామ్మ బోసినోటితో నవ్వింది. "ఇసిరేది ఆడు. మునిగేది నా గుండు."

ఆ మాట విన్నాక చాలాసేపు ఆలోచించాను. చేప పడితే ఊళ్ళో "వాడి చెయ్యి మంచిది" అంటారు. పడకపోతే "గోదారి ఇవ్వలేదు" అంటారు. అరుగు మీద నాలుగేసి వేళ్ళు కొలుచుకుంటూ కట్టిన చేతి పేరు రెండుచోట్లా రాదు. మనిళ్ళల్లో కూర బాగుంటే కూరగాయ మంచిదనడం లాంటిదే ఇదీను.

నీటిలో బరువు తగ్గుతుంది

సీసమే ఎందుకు, రాయి కట్టకూడదా అని మీకు సందేహం రావచ్చు. నిండు బిందెను నూతినీటిలో ఉన్నంతసేపూ తేలిగ్గా లాగి, నీటి పైకి రాగానే "అమ్మో" అన్నవాళ్ళకు జవాబు తెలుసు. నీటిలో ఏ వస్తువైనా తేలికవుతుంది. అది తోసేసినంత నీటి బరువు మేరకు తగ్గిపోతుంది. నల్లరాయి కిలో తీసుకుని నీటిలో తూస్తే సుమారు 620 గ్రాములే తూగుతుంది. కాల్చిన మట్టిగుండు దాదాపు సగమైపోతుంది. ఇనుము 870 గ్రాములు ఉంటుంది. సీసం మాత్రం 910 గ్రాములు నిలబెట్టుకుంటుంది. పైగా మెత్తన, కత్తెరతో కోసి వేళ్ళతో చుట్టేయొచ్చు. చిన్న ముక్కలో ఎక్కువ బరువు, అందుకే దానిమీద అందరికీ మోజు. ప్రాచీన కాలపు ఊళ్ళు తవ్వినప్పుడు తూటుపెట్టిన మట్టిగుళ్ళు దొరికేవి, వలకు కట్టినవే. అంటే బరువులు కట్టడం ఎన్ని తరాల విద్యో చూడండి.

చల్లటి దేశాల్లో ఈక పురుగు

చేప ఉండే లోతుకు ఎరను దింపడానికి బరువు కట్టడం మనవాళ్ళకొక్కరికే తెలిసింది కాదు. ఐరోపాలో చల్లటి ఏళ్ళల్లో ట్రౌట్, గ్రేలింగ్ అని రెండు చేపలున్నాయి. మన గోదారి వెచ్చదనానికి అవి బతకవు. ట్రౌట్‌ను తెల్లదొరలు 1900 ప్రాంతంలో కాశ్మీరులోకి తెచ్చి వదిలారు, నీలగిరి కొండల ఏళ్ళల్లోకీ తెచ్చారు, గ్రేలింగ్ మనదేశంలో లేదు. గ్రేలింగ్ నోరు మన ఎర్రమోసులాగే కిందికి తిరిగి ఉంటుంది, ఎక్కువగా అడుగునే మేస్తుంది.

ఈ చేపల ముఖ్యాహారం నీటిపురుగుల పిల్లలు. మన తూనీగ కూడా రెక్కలు రాకముందు నీటి అడుగునే పెరుగుతుంది కదా, అలాంటి పిల్ల పురుగును వాళ్ళు నింఫ్ అంటారు. నిజం పురుగును గుచ్చరు. దాని బొమ్మను కొక్కెం మీద దారంతో, ఈకతో కడతారు. గోరు పొడవు కూడా ఉండని బొమ్మ. కాని ఈక తేలుతుంది, పురుగు పిల్ల ఉండేది అడుగున. అందుకని బొమ్మ లోపల బరువు దాచాలి.

ఇంగ్లండులో ఏవన్ అనే ఏటికి కాపలాదారుగా ఏళ్ళ తరబడి పనిచేసిన ఫ్రాంక్ సాయర్ ఈ చిక్కుకు ఒక ఇల్లాలికి తట్టినట్టే ఉపాయం కనిపెట్టాడు. దారమే మానేశాడు. తలవెంట్రుకంత సన్నటి రాగి తీగతోనే కట్టాడు. ముందు కొక్కెం మీద తీగను రెండు మూడు చుట్లు ఎక్కువ తిప్పి పురుగు గూని చేస్తాడు. నెమలి జాతికే చెందిన ఫెజెంట్ పక్షి తోక ఈకనుంచి నాలుగు పోగులు తీసి, వాటి కొసలు తోకలా వదిలి, మిగతాది తీగతోబాటు మెలిపెట్టి ఒంటికి చుడతాడు. కట్టే దారమూ అదే, బరువూ అదే. ఒళ్ళు సన్నగా ఉంటేనే త్వరగా మునుగుతుందని, బూరుగుదూదిలా గుబురుగా కడితే పైనే తేలుతుందని చెప్పేవాడు. ఇదంతా 1958లో వచ్చిన 'నింఫ్స్ అండ్ ది ట్రౌట్' అనే పుస్తకంలో రాశాడు. గ్రేలింగ్ కోసం ఆయన కట్టిన ఇంకో పురుగుకు వాడింది ఏమిటో తెలుసా? చిరిగిన మేజోళ్ళు కుట్టుకునే ఉన్ని దారం, చాడ్విక్ కంపెనీ 477 నంబరు రంగు. ఆ రంగు తయారీ ఆగిపోయాక పాత కుట్టుపెట్టెల్లో మిగిలిన చుట్టలకోసం జాలర్లు వెతుక్కున్నారు. ఆడవాళ్ళ కుట్టుపెట్టెకు అంత గిరాకీ రావడం ఇంకెక్కడా వినలేదు.

స్కాట్లండులో మెగన్ బాయిడ్ అనే ఆవిడ ఉండేది. 1915లో పుట్టింది. సముద్రం ఒడ్డున చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటూ, కిటికీ వెలుతురులో జీవితమంతా సాల్మన్ చేపలకు ఈకపురుగులు కట్టింది. యువరాజుగా ఉన్నప్పుడు చార్లెస్ కూడా ఆవిడ కట్టినవే కోరేవాడు. 1971లో ప్రభుత్వం పతకం ప్రకటిస్తే, తన కుక్కను చూసుకునేవాళ్ళు లేరని అందుకోవడానికి వెళ్ళలేదట. 2001లో పోయింది. విశేషమేమిటంటే ఆవిడ చేపలు పట్టేది కాదు. చేపను చంపడం ఆవిడకు ఇష్టం లేదు. విసిరేవాళ్ళు వేరు, కట్టింది ఆవిడ. అయితే అక్కడ కట్టిన చేతికి పేరుంది. మన పోలవరం మామ్మకు లేదు. అంతే తేడా.

సీసం వంటింట్లోకి రాకూడదు

ఇక అసలు సంగతి. మామ్మ కోడలు సీసపు రేకును దారంమీద చుట్టి, పంటితో నొక్కి బిగిస్తోంది. రెండేళ్ళ మనవడు ఒక గుండు తీసి నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. మా తోటికోడలు గబుక్కున వాడి నోట్లో వేలుపెట్టి తీసేసింది. "మేమందరం ఇట్టాగే పెరిగాం గదమ్మా" అంది మామ్మ.

నిజమే, పెరిగారు. కాని సీసం విషం పాములా కాటేసి కనిపించదు. రోజుకు కాస్త చొప్పున లోపలికి వెళ్ళి ఎముకల్లో దాక్కుంటుంది. పెద్దవాళ్ళ కన్నా పసిపిల్లల కడుపు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. వాళ్ళ మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, చదువులో వెనకబడతారు, రక్తం తగ్గుతుంది. గర్భిణి ఒంట్లోని సీసం కడుపులో బిడ్డకూ చేరుతుంది. ఇంత వరకు ఫరవాలేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. మన గ్యాసు పొయ్యి మీద, కట్టెలపొయ్యి మీద కూడా కరుగుతుంది. ఆ తేలికే ప్రమాదం. గుళ్ళు పోసుకోవడానికి వంటింట్లోనే పాత గిన్నెలో కరిగిస్తే పొగ, బూడిద, తుంపరలు అక్కడే పడతాయి. ఆ గిన్నె తోమి మళ్ళీ పాలు కాచేవాళ్ళూ ఉండొచ్చు. ఇంట్లో ఎవరికైనా గాలం సరదా ఉంటే ఈ నాలుగూ పాటించండి.

సీసం ఇంట్లో కరిగించవద్దు. ఆ పని చేసిన గిన్నెను మళ్ళీ వంటకు వాడవద్దు.

పంటితో కొరికి బిగించవద్దు. చిన్న పట్టకారు చాలు.

గుళ్ళను మూతపెట్టిన డబ్బాలో, పిల్లలకు అందని చోట ఉంచండి. కట్టాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం కలపండి, బిడ్డకు పాలివ్వండి.

వీలైతే ఇనుప నట్లు, ఇనుప గొలుసు ముక్కలు వాడండి. తుప్పు మరక పడుతుంది, నీటిలో సీసమంత తూగదు, కాని కాస్త ఎక్కువ కడితే సరిపోతుంది.

ఇది చాదస్తం కాదు. ఇంగ్లండులో జాలర్లు పారేసుకున్న చిన్న సీసపు గుళ్ళను గులకరాళ్ళనుకుని మింగి హంసలు చనిపోతుంటే, 1987 నుంచి చిన్న సైజు సీసపు గాలం బరువుల అమ్మకాన్నే ఆపేశారు. ఈకపురుగులు కట్టేవాళ్ళు ఇత్తడి పూసలకు, సీసం కన్నా బరువైన టంగ్‌స్టన్ పూసలకు మారారు. రాగి తీగతో కట్టిన సాయర్‌కు అసలు సీసం అవసరమే పడలేదు. అన్నట్టు ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించేటప్పుడు కూడా తగరం కడ్డీ మీ కళ్ళముందే వాడమనండి. చవగ్గా వస్తుందని సీసం కలిపిన కళాయిలో చింతపండు పులుసు కాస్తే ఆ విషం పులుసులోకే దిగుతుంది.

నిలిచిన నీటికి ఏ గుండు?

పోలవరానికి ఎగువన రామయ్యపేట దగ్గర ఆనకట్ట పని సాగుతోంది. ధవళేశ్వరానికి 42 కిలోమీటర్ల ఎగువన ఉందది. స్పిల్‌వేకు 48 గేట్లు. 50 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినా పంపించేలా కట్టారు. 2021 జూన్ నుంచి గోదారిని పాతదారి తప్పించి దీనిగుండా పంపుతున్నారు. పూర్తయితే 194 టీఎంసీలకు పైగా నీళ్ళు నిలబడతాయి. ఎన్నో జిల్లాల పొలాలకు, కుళాయిలకు నీళ్ళొస్తాయని అందరూ ఎదురుచూస్తున్నారు. మంచిదే. కాని దీనికోసం లక్షకు పైగా కుటుంబాలు ఇల్లూ వాకిలీ వదులుకోవాలి. వాళ్ళల్లో కొండరెడ్లు, కోయవాళ్ళు, ఏటినే నమ్ముకుని బతికినవాళ్ళు ఎందరో ఉన్నారు.

మామ్మ కూతురిది దేవీపట్నం అవతల ఊరట. "కాలనీలో ఇల్లిచ్చారమ్మా, పక్కా ఇల్లే. ఏరు మాత్రం కానరాదు. అల్లుడి వల గోడకి ఏలాడుతుంది" అంది. కాసేపాగి, "ఉన్నా ఏం లాభం? ఆడ నీరు నిలబడిపోయింది. నా గుండు పారే నీటికి" అంది.

ఆ మాటలో ఉన్న నిజం ఇంజనీర్లు కూడా ఒప్పుకునేదే. విసురు వల తక్కువ లోతు నీళ్ళకు పనికొస్తుంది. చాలా లోతున్న జలాశయంలో వల అంచు అడుగు తాకేలోగా చేప తప్పించుకుంటుంది. నాగార్జునసాగర్ వంటి పెద్ద జలాశయాల్లో నిలువుగా గోడలా వేలాడే పొడుగాటి వలలు వాడతారు. పై తాడుకు బెండ్లు, కింది తాడుకు బరువులు. బెండ్లు గెలిస్తే వల పైన నిలుస్తుంది, బరువు గెలిస్తే అడుగున నిలుస్తుంది. ఆ లెక్క వేరు. అలాంటి వలలు చాలా పొడుగు కావాలి, పడవ కావాలి, అంటే డబ్బు కావాలి. ఇల్లు పోతే ఇల్లిస్తున్నారు, పొలం పోతే లెక్క కడుతున్నారు. చేతుల్లో ఉన్న తూకం పోతే దాన్ని ఏ కాగితంలో రాస్తారు? కొత్త నీటికి కొత్త వల నేర్పేటప్పుడు మగవాళ్ళనే కాక ఈ అరుగుల మీది ఆడవాళ్ళను కూడా పిలిస్తే బాగుంటుంది. సగం పని వాళ్ళదే కనుక.

చేపలకు కూడా ఇలాంటి కష్టం కొత్తకాదు. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అని మన సామెత. అమ్మేది మన మెళ్ళోవి, తినేది ఇంటిల్లిపాదీ, అది వేరే సంగతి! సముద్రంలో ఇలసగా ఉన్న చేప ఎర్రనీటికి ఎదురీది గోదారిలోకి గుడ్లు పెట్టడానికి వచ్చి పులసవుతుంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక దాని ఎగువ ప్రయాణానికి అడ్డుకట్ట పడింది. 1982కు అక్కడ కొత్త బ్యారేజీ పూర్తయింది. ఇప్పుడు పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎక్కి వెళ్ళడానికి మెట్లదారి కట్టారు. ధవళేశ్వరం దాటి ఇంతదూరం రాగలిగితే కదా ఆ మెట్లు ఎక్కేది అని మామ్మలాంటివాళ్ళు నవ్వుకుంటారు. పులస గాలానికి పడదు, దాని తిండి నీటిలోని సూక్ష్మమైన నలుసులు. దానికి వలే దిక్కు.

రేవు చేపతో పులుసు

పోలవరం వెళ్ళి ఉత్తచేతులతో రావడం ఎందుకు? పొద్దున్నే రేవుకు వెళితే శీలావతో, మోసో దొరుకుతుంది. గాలానికి పడిన చేపయితే ఇంటికి తెచ్చాక గొంతూ పొట్టా వేలితో తడిమి చూడండి. తెగిన కొక్కెం, సీసం ముక్క లోపల ఉండిపోవచ్చు.

కిలో చేపముక్కలకు ఉప్పు, పసుపు, చెంచా నిమ్మరసం పట్టించి అరగంట ఉంచండి. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పులుసు తీయండి. మట్టిదాకలో నాలుగు గరిటెల నూనె పోసి మెంతులు చిటికెడు, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి ఆరు వేసి, ముద్దగా నూరిన మూడు ఉల్లిపాయలు ఎర్రగా వేయించండి. అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల కారం, చెంచా ధనియాలపొడి వేసి నూనె తేలాక పులుసు పోయండి. మరిగాక ముక్కలు పరిచి, లేత బెండకాయలు నాలుగు పొడుగ్గా వేసి సన్నసెగ మీద పావుగంట ఉంచండి. గరిటె పెట్టకండి, దాకను రెండు చేతులా పట్టుకుని తిప్పండి. రాత్రి చేసి పొద్దున తింటే రుచి రెట్టింపు.

కార్తీకం నుంచి మాఘం దాకా అటు వెళ్ళడానికి అనువైన రోజులు. ప్రాజెక్టు చూడాలంటే ముందుగా అనుమతి కనుక్కుని వెళ్ళండి. పట్టిసీమలో దర్శనం, పోలవరం రేవులో చేపలు, ఆ తరవాత అరుగుల దగ్గర పావుగంట. ఎవరైనా ఆడమనిషి వలకు గుళ్ళు కడుతూ కనిపిస్తే పలకరించండి, ఎడమెంతో అడగండి, ఆవిడే నాలుగు వేళ్ళు చూపించి చెబుతుంది. పక్కన పసివాడుంటే, వాడి గుప్పిట్లో ఏముందో కూడా ఒకసారి చూడండి.